తోటవి కాని టమాటాలు

ఆ అమ్మాయి మా హోటల్లో భోజనం చేసి, బిల్లు కట్టి, అందరిలా వీధిలోకి వెళ్ళకుండా తిన్నగా వంటగదిలోకి వచ్చింది.

నేనప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళనిండా నీళ్ళు. గుమ్మంలో ఏదో ఆకారం కనిపించింది గాని అది మనిషో బీరువానో తేల్చుకోలేని స్థితిలో ఉన్నాను.

"వంట చేసింది మీరేనా?"

ఈ ప్రశ్న తర్వాత మామూలుగా ఒక మెచ్చుకోలు వస్తుంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, వీలైనంత వినయంగా నవ్వి, "అవునండి" అన్నాను.

"బయట బోర్డు మీద 'తాజా కూరగాయల భోజనం' అని రాసింది కూడా మీరేనా?"

"అవునండి." నవ్వు కొంచెం తగ్గించాను.

"సలాడ్‌లో వేసిన కొత్తిమీర కోసి నాలుగు రోజులైంది. బీన్స్‌కి వారం. క్యారెట్ వయసు కూడా చెప్పనా, వద్దా?"

ఇప్పుడు కళ్ళు బాగానే కనిపించాయి. బీరువా కాదు. నూలు చొక్కా, గోళ్ళలో మట్టి, భుజానికి గుడ్డసంచీ, నా మీద గురిపెట్టిన రెండు పెద్ద కళ్ళు. తిట్టించుకుంటున్నప్పుడు అందాన్ని గమనించకూడదు. గమనించాను.

"మీరు ఇన్‌స్పెక్టరా అండి?"

"కాదు. ఆకలేసి వచ్చినదాన్ని."

కౌంటర్ దగ్గర నుంచి మా మేనత్త పకపకా నవ్వింది. హోటల్ ఆవిడదే. పద్నాలుగు బల్లలు, మధ్యాహ్నం ఒక్కపూట భోజనం, చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళే గిరాకీ. వంట నాది, పెత్తనం ఆవిడది.

"మూడేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఈ అమ్మాయి మూడు ముక్కల్లో చెప్పింది," అంది అత్త. "కూర్చో అమ్మా. వీడి సంగతి తర్వాత చూద్దాం. నీకు ఇవన్నీ ఎలా తెలుసు?"

"రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేసే షాపు ఉంది కదండి. అది మా నాన్నది. ఆ మిద్దె మీద తోట నాది."

అలా మొదలైంది. నా ప్రేమకథ కొత్తిమీర వయసు దగ్గర మొదలైందని చెబితే ఎవరూ నమ్మరు.

*

మా హోటల్‌కి కూరగాయలు ఇవ్వడానికి తను రెండు షరతులు పెట్టింది.

"మీరు అడిగింది నేను తేను. నేను తెచ్చింది మీరు వండాలి. ఆ రోజు తోటలో ఏది కోతకొస్తే అదే."

"మరి మెనూ?"

"మొక్కలకి చదువు రాదండి, మీ మెనూ చదవలేవు."

రెండో షరతు చెప్పేటప్పుడు మాత్రం వెటకారం లేదు. "నా దగ్గర ఆర్గానిక్ సర్టిఫికెట్ లేదు. మందులు కొట్టను, అంతే. అది నా నోటిమాట. కాబట్టి నాది ఏది, మార్కెట్‌ది ఏది అని బోర్డు మీద విడివిడిగా రాయాలి. నాది కానిది నా పేరు మీద రాయకూడదు. ఒక్కసారి కూడా."

"అంతేనా? అదెంత పని!" అన్నాను. నోరు ఎంత తేలిగ్గా జారుతుందో నాకు అప్పుడు తెలియదు.

మర్నాటి నుంచి పొద్దున్న ఆరున్నరకి పెరటి తలుపు మీద రెండు దెబ్బలు పడేవి. రెండు ట్రేలు, ఒక చీటీ. చీటీలో ఏ మొక్క, ఎన్నింటికి కోసింది, దాని గుణగణాలు. 'పాలకూర, అయిదుంబావు. లేతది, ఎక్కువ ఉడికిస్తే ఏడుస్తుంది.' 'వంకాయలు, అయిదున్నర. రెండింట్లో పురుగుంది, మనుషులకంటే ముందు అదే రుచి చూసింది.' నేను గుణగణాలు వదిలేసి మిగతాది బోర్డు మీదికి ఎక్కించేవాణ్ణి. చీటీలు మాత్రం పారెయ్యలేదు. మసాలా డబ్బా వెనక దాచుకున్నాను, ఎందుకో అడక్కండి.

మధ్యాహ్నం ఆ బోర్డు చదివే బాధ్యత ఒక రిటైర్డ్ టీచరు గారిది. ఎవరూ అప్పగించలేదు, ఆయనే తీసుకున్నారు. తలుపు దగ్గర బల్ల ఆయనది. తినబోయే ముందు లేచి నిలబడి, హాజరు పిలిచినట్టు గట్టిగా చదివేవారు. "పాలకూర! మిద్దె తోట! అయిదుంబావు! ఉల్లిపాయలు! మార్కెట్టు!" ఆఫీసుల వాళ్ళు నవ్వుకుంటూనే వినేవారు.

మొదటి వారమే తను పదకొండు కిలోల ముల్లంగి దింపింది.

"ఇంత ముల్లంగి ఏం చేసుకోవాలి?"

"మీరు చెఫ్ కదా. ఆలోచించండి."

ఆలోచించాను. వేయించాను, ఉడికించాను, తురిమాను, ఊరబెట్టాను. నాలుగో రోజు బ్యాంకు క్లర్కు ఒకాయన చేతులు జోడించాడు. "నాయనా, రాత్రి కలలోకి కూడా ముల్లంగే వచ్చింది. లోను కావాలంటోంది."

ఈ సంగతి చెప్పగానే తను పెరటి మెట్ల మీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పదకొండు కిలోలు వండడానికి నేను సిద్ధపడ్డాను.

నేను తిరిగి ఇచ్చేది తొక్కలు. కూరగాయల తొక్కలు, కాడలు, టీ పొడి పిప్పి, అన్నీ ఒక నీలం బకెట్లో వేసి ఉంచితే ఎరువు చేసుకోవడానికి పట్టుకుపోయేది. లోకంలో మగవాళ్ళు అమ్మాయిలకి పూలు ఇస్తారు. నేను రోజూ అయిదు కిలోల చెత్త ఇచ్చాను. మా అత్త అది చూసి తల కొట్టుకునేది.

ఒక పొద్దున్న వాన పట్టుకుంది. తను ఖాళీ ట్రే నెత్తిన బోర్లించుకుని పెరటి గుమ్మంలో నిలబడిపోయింది. ట్రేకి అడుగంతా చిల్లులే. పద్నాలుగు చోట్ల నుంచి నీళ్ళు కారుతుంటే చాలా గంభీరంగా, "వాన తగ్గాక వెళ్తాను," అంది.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు."

"మీ వంటగదిలో వెల్లుల్లి వాసన."

"బయట?"

"మట్టి వాసన."

నేను కూడా స్టవ్ తగ్గించి వెళ్ళి ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ మెట్టు ఇద్దరికి సరిపోదు. భుజాలు తగిలాయి. ఇద్దరం వాన గురించే మాట్లాడుకున్నాం. లోపల నా ఉల్లిపాయలు మాడి బొగ్గయ్యాయి. అత్త వచ్చి చూసి, స్టవ్ ఆపేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

*

ఒకరోజు నన్ను మిద్దె మీదికి తీసుకెళ్ళింది. కింద షాపు, మధ్యలో ఇల్లు, పైన తోట. టమాటాలకని నలభై సంచులు విడిగా వరసగా పెట్టింది. ప్రతి మొక్కకీ కర్ర, కర్రకీ మొక్కకీ పాత చొక్కా పీలికతో ముడి.

"ఇవి విత్తనం నుంచి పెంచాను. ఉద్యోగం మానేసి వచ్చి ఏడాది అవుతోంది. నాన్న ఏమీ అనరు, కానీ నాకు నేనే ఒక గడువు పెట్టుకున్నాను. ఈ టమాటా కాపు చూస్తాను. బాగుంటే తోట ఉంటుంది. లేకపోతే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోతాను."

"బాగానే ఉంటుంది."

"మీకెలా తెలుసు?"

"ఇంత ముద్దుగా పెంచితే రాయి కూడా కాయ కాస్తుంది."

అనేశాక నాలుక కరుచుకున్నాను. తను మొహం తిప్పుకుని, ముడి వేసి ఉన్న మొక్కకి మళ్ళీ ముడి వేసింది.

బోర్డు కింద మూల రాశాను: 'మిద్దె టమాటాలు: వచ్చే సోమవారం.' టీచరు గారు వారమంతా అది కూడా చదివారు. వీధి వీధంతా ఎదురుచూసింది.

ఆదివారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది. ఏదో కాస్త కాదు, రేకులు లేపేసే రకం. అరగంట కొట్టి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది.

సోమవారం ఆరున్నరకి తలుపు చప్పుడు కాలేదు. నేనే వెళ్ళాను. షాపు మూసి ఉంది, మెట్ల తలుపు తీసి ఉంది. పైకి ఎక్కాను గాని చివరి మెట్టు దగ్గర ఆగిపోయాను. కర్రలు విరిగాయి, సంచులు దొర్లాయి, పండీ పండని కాయలు నేలంతా పగిలి ఉన్నాయి. తను బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న పక్కన నిలబడి, తల మీద చెయ్యి వేసి ఉంచారు. తను ఏడవడం లేదు. అదే నేను చూడలేకపోయాను.

చప్పుడు చెయ్యకుండా దిగి వచ్చేశాను. తిన్నగా హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళి పన్నెండు కిలోల టమాటాలు తెచ్చాను.

అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒక్కటే. మధ్యాహ్నం టీచరు గారు లేచి నిలబడి 'టమాటాలు! లేవు!' అని చదువుతారు. అందరూ 'మిద్దె మీద వ్యవసాయమంటే అంతేలే' అంటారు. ఆ మాట తన చెవిన పడితే తోట అయిపోతుంది. పడకూడదు.

ఆ టమాటాలు చూడ్డానికి బొమ్మల్లా ఉన్నాయి. కోస్తే లోపల తెల్లగా, నోట్లో పెడితే నీళ్ళు. రెండు గంటలు ఓవెన్లో కాల్చాను. రంగు కోసం బీట్‌రూట్ ముక్క, తీపి కోసం చక్కెర, పులుపు కోసం నిమ్మరసం. నాకు తెలిసిన విద్యంతా చూపించి సూప్ తీశాను. తర్వాత సుద్దముక్క తీసుకుని రాశాను: 'టమాటాలు, మిద్దె తోట, అయిదున్నర.'

సూప్ పావుగంటలో అయిపోయింది. టీచరు గారు గిన్నె కింద పెట్టి కళ్ళు మూసుకున్నారు. "బాబూ, ఇది నా చిన్నతనం రుచి," అన్నారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. బ్యాంకు క్లర్కు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అత్త ఒక్కతే నా మొహంలోకి చూస్తూ, "అమ్మాయి ఎప్పుడొచ్చిందిరా? నేను చూడలేదే," అంది.

"తొందరగా వచ్చి వెళ్ళింది."

తేలు కుట్టిన దొంగలా వంటగదిలోకి జారుకున్నాను.

*

మంగళవారం పదకొండున్నరకి తను ముందు తలుపు నుంచి వచ్చింది. చేతిలో గాలివానకి తట్టుకుని మిగిలిన రెండు కట్టల పాలకూర. మొహం వాడిపోయి ఉంది, దాని మీద ఏదో అర్థం కాని చూపు.

"దారిలో నలుగురు ఆపారు," అంది. "టమాటాలు అద్భుతం అన్నారు. వెక్కిరిస్తున్నారనుకున్నాను. టీచరు గారు రెండు చేతులూ పట్టుకుని దీవించారు. ఆయన వెక్కిరించరు కదా?"

తుడవడం మర్చిపోయిన బోర్డు నా వెనకే ఉంది. తను చదివింది. ఇంకోసారి చదివింది.

"ఎక్కడివి?"

"మార్కెట్‌వి. నిన్న పొద్దున్న నేను మిద్దె మీదికి వచ్చాను. అంతా చూశాను. మీరు బకెట్ మీద..."

"జాలి పడ్డావా?"

మొదటిసారి నన్ను నువ్వు అంది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట, వచ్చింది ఇలా.

"నీ మీద ఒక్క మాట పడకూడదని..."

"నా దగ్గర ఉన్నదే ఒక మాట! గాలికి పోయింది మొక్కలే. నా మాట పోలేదు. దాన్ని నువ్వు పోగొట్టావు."

"తప్పే. కానీ అందరూ మెచ్చుకున్నారు..."

ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. తన మొహం తెల్లబడిపోయింది.

"అదే," అంది, చాలా మెల్లిగా. "అదే నాకు కావాల్సిన జవాబు. ఏడాది పాటు ఒక్కొక్క ఆకు తిప్పి చూసి పురుగులు ఏరాను. నువ్వు లారీలో వచ్చిన టమాటాలు పెట్టావు. ఒక్కరికి కూడా తేడా తెలియలేదు. పైగా చిన్నతనం గుర్తొచ్చింది. మరి నేను ఎందుకు పెంచుతున్నాను? ఎవరి కోసం?"

పాలకూర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు వెళ్ళి ఏం చెప్తావు? బోర్డు మీద రాసిన అబద్ధం నోటితో తుడిస్తే పోతుందా?"

సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

*

ఆ మధ్యాహ్నం టీచరు గారు ఎప్పటిలా లేచారు. కళ్ళజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని, చదవడం మొదలుపెట్టారు.

"పాలకూర! మిద్దె తోట! నిన్న బోర్డు మీద రాసింది... అబద్ధం." గొంతు తగ్గింది. అయినా ఆపలేదు. పుస్తకం మధ్యలో వదిలే అలవాటు ఆయనకి లేదు. "నిన్నటి టమాటాలు తోటవి కావు, మార్కెట్‌వి. తోట టమాటాలు గాలివానకి పోయాయి. తోట ఆవిడకి ఈ విషయం తెలియదు. రుచి లేని కాయల్లో బీట్‌రూట్, చక్కెర, నిమ్మరసం వేసి మిమ్మల్ని మోసం చేసింది వంటవాడు. ఆవిడ తెచ్చిన వాటిలో ఇంతవరకు ఉప్పు తప్ప ఏదీ వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఇకమీద ఇక్కడ అబద్ధం రాయబడదు."

నేను గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

టీచరు గారు మెల్లిగా నా వైపు తిరిగారు. "అయితే... నా చిన్నతనం బీట్‌రూటా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. "డెబ్భై ఏళ్ళవాణ్ణి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నానయ్యా నీ చక్కెరకి," అని, తినకుండానే వెళ్ళిపోయారు. ఆయన వెనక ఇంకో ఏడుగురు లేచారు. క్లర్కు మాత్రం కూర్చున్నాడు. "నాకు కోపంగానే ఉంది. కానీ ఆకలిగా కూడా ఉంది," అన్నాడు.

సాయంత్రం గడియారాల షాపుకి వెళ్ళాను. తను పైన ఉంది. వాళ్ళ నాన్న కంటికి భూతద్దం బిగించుకుని ఏదో చిన్న చక్రం చూస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు, "అది నీతో మాట్లాడదు."

"తెలుసండి. బకెట్ ఇచ్చి వెళ్దామని."

"ఏం బకెట్?"

"తొక్కలు. ఎరువుకి."

ఆయన భూతద్దం తీసి, బకెట్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. "మెట్ల మీద పెట్టు," అన్నారు.

మర్నాడు కూడా పెట్టాను. ఆ మర్నాడు కూడా. ప్రతి మధ్యాహ్నం బోర్డు మీద 'మిద్దె తోట: ఈ రోజు ఏమీ రాలేదు' అని రాశాను. కింద ఏది మార్కెట్‌దో అది మార్కెట్‌దనే రాశాను. గిరాకీ సగానికి పడిపోయింది. టీచరు గారి బల్ల ఖాళీగా ఉండేది. బోర్డు ఎవరూ పైకి చదవలేదు.

నాలుగో రోజు షాపు దగ్గర ఆయనే నన్ను ఆపారు. రహస్యం చెప్పినట్టు, "నిన్నటి బకెట్ ఖాళీ చేసింది," అన్నారు.

"నిజంగానా?"

"నేను చెప్పానని చెప్పకు. పాత ఆఫీసుకి ఫోన్ చెయ్యాలని మూడు రోజులుగా అంటోంది. ఇంకా చెయ్యలేదు."

ఎనిమిదో రోజు టీచరు గారు తిరిగి వచ్చారు. తన బల్ల దగ్గర కూర్చోకుండా బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత గొంతు సర్దుకుని, "మిద్దె తోట! ఈ రోజు ఏమీ రాలేదు!" అని వీధి వినిపించేలా చదివారు. కూర్చుంటూ, "వడ్డించు. చక్కెర వెయ్యకు," అన్నారు. వంటగదిలోకి వెళ్ళి నేను ఉల్లిపాయలు లేకుండానే కళ్ళు తుడుచుకున్నాను.

పదకొండో రోజు ఖాళీ బకెట్ అడుగున ఒక చీటీ కనిపించింది. విప్పాను.

'కోడిగుడ్డు పెంకులు కూడా వెయ్యండి. నిమ్మతొక్కలు తగ్గించండి.'

నాకు ఇంతవరకు వచ్చిన ప్రేమలేఖల్లో అదే గొప్పది. నిజానికి అదొక్కటే.

*

నలభై మొక్కల్లో అయిదు మళ్ళీ చిగురించాయి. ఈ సంగతి నాకు తను చెప్పలేదు, వాళ్ళ నాన్న చెప్పారు. నేను చెప్పానని చెప్పకు అని కూడా చెప్పారు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, హాలు నిండుగా ఉన్న వేళ, తను ముందు తలుపు నుంచి వచ్చింది. ట్రే లేదు. చీర కొంగులాంటి ఒక గుడ్డలో ఏదో మూట. కౌంటర్ మీద విప్పింది. తొమ్మిది టమాటాలు. ఒకటి వంకర, రెండు పగుళ్ళు, ఏదీ పెద్దది కాదు.

"ఇవే ఉన్నాయి," అంది నా వైపు చూడకుండా. "సూప్‌కి చాలవు."

"సూప్ చెయ్యను."

అందరి ముందే కూరలు తరిగే పలక, కత్తి తెచ్చాను. ఒక్కో కాయ అయిదు ముక్కలు. పైన ఉప్పు చిటికెడు. హాల్లో మనిషికో ముక్క. చివరి ముక్కలు రెండు మిగిల్తే ఒకటి అత్తకి, ఒకటి తనకి ఇచ్చాను. నాకు మిగల్లేదు.

టీచరు గారు ముక్క నోట్లో పెట్టుకున్నారు. హాలు మొత్తం ఆయన మొహమే చూస్తోంది. తను మాత్రం నేల చూస్తోంది.

"నిజం చెప్పనా అమ్మా?" అన్నారాయన.

"నిజమే చెప్పండి."

"పుల్లగా ఉంది. తోలు మందం. మొన్న ఆ బీట్‌రూట్ రాయుడు చేసిన సూప్ దీనికంటే మెత్తగా దిగింది."

ఆయన చప్పరిస్తూ ఆగారు.

"కానీ అది సూప్. ఇది టమాటా. ఇంత సేపైనా నాలుక వదలడం లేదు చూడు. మొన్నంతా చిన్నతనం అంటూ వాగాను, అది మర్చిపో. ఇలాంటిది నేను చిన్నప్పుడు కూడా తినలేదు. ఇంకో ముక్క ఉందా?"

"లేదండి," అంది తను.

"మరి మళ్ళీ ఎప్పుడు?"

"వచ్చే కాపుకి."

అనేశాక తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది. వచ్చే కాపు. తోట ఉంటుందన్నమాట. ఒక్కసారి తల ఎత్తి నా వైపు చూసింది. రెండు నెలలుగా ఆ చూపు కోసమే నేను మెట్లెక్కి దిగుతున్నాను. చేతిలో ఉన్న మిగిలిన సగం ముక్క నా వైపు చాపింది.

"తిను. నువ్వు తినలేదు కదా."

ఈసారి నువ్వులో కోపం లేదు. తిన్నాను. పుల్లగానే ఉంది. నా జన్మలో అంత మంచి పులుపు తినలేదు.

"ఉప్పు ఎక్కువేశావు," అంది.

"చెయ్యి వణికింది."

"ఎందుకు?"

"నువ్వంటే నాకు ఇష్టం కాబట్టి. చాలా ఇష్టం. మొన్న జాలి అనుకున్నావు. జాలి కాదు. నువ్వు ఓడిపోయినట్టు కనిపిస్తే నేను చూడలేకపోయాను. చూడాల్సింది. పక్కన కూర్చోవాల్సింది. అది వదిలేసి మార్కెట్‌కి పరిగెత్తాను."

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. తను ఆ గుడ్డని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఆ మట్టి అయిపోయింది," అంది చివరికి. "బలం లేదు, అందుకే పులుపు. వచ్చే కాపుకి మొత్తం మార్చాలి. కింద నుంచి మిద్దె మీదికి మొయ్యాలి. యాభై రెండు మెట్లు. లిఫ్టు లేదు."

"ఎన్ని బస్తాలు?"

"అరవై."

"మోస్తాను."

"ఒక్కసారితో అయిపోదు. ఏటేటా మార్చాలి."

"ఎన్నేళ్ళు?"

"నీకు ఎన్నేళ్ళు ఓపిక ఉంటే అన్నేళ్ళు."

"ఇప్పుడు నన్ను పిలుస్తున్నది పనికా, పెళ్ళికా?"

"రెండిటికీ మెట్లు అవే," అంది, నవ్వు ఆపుకుంటూ. "మధ్యలో మా నాన్న ఉంటారు. ఆయన్ని దాటి రావాలి."

"ఆయన ఎప్పుడో దాటించేశారు. తాను చెప్పానని చెప్పొద్దన్నారు."

క్లర్కు చప్పట్లు కొట్టాడు. కౌంటర్ వెనక మా అత్త ముక్కు చీదుకుని, కళ్ళొత్తుకుని, ఉన్నట్టుండి గొంతెత్తింది. "అమ్మా, వీడికి నడుం నొప్పి ఉంది. చూసుకుని మోయించుకో."

"అత్తా! ఇప్పుడు చెప్పాలా ఆ సంగతి?"

"ఇకమీద ఇక్కడ అబద్ధం ఉండదని నువ్వే కదరా రాశావు."

తను ఆ పాత నవ్వు నవ్వింది, ముల్లంగి నాటి నవ్వు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "సరే, రోజుకి రెండు బస్తాలే," అంది.

"అలా అయితే నెల రోజులు పడుతుంది," అన్నాను.

"పట్టనీ."